బోర్లా వేసిన పెట్టె

కరోనా తగ్గాక వైన్ షాపులకు మళ్ళీ లాటరీ తీశారు. ఆ డిసెంబరు ఒకటో తారీఖున కాజీపల్లి రోడ్డు మీది ఒక షాపుకు నేను నౌకరునామాగా చేరాను. ఈ మాట చాలామందికి తెలియదు కాబట్టి చెబుతాను. షాపు లైసెన్సు యజమాని పేరు మీద ఉంటుంది గాని, ఆయన రోజూ వచ్చి గల్లా దగ్గర కూర్చోడు. ఆయన బదులు షాపు నడిపే మనిషికి ఫొటో అంటించి, ముద్ర కొట్టి ఎక్సైజు వాళ్ళు ఒక కాయితం ఇస్తారు. దాని పేరు నౌకరునామా. ఆ కాయితం ఉన్న మనిషినీ అదే పేరుతో పిలుస్తారు. షాపులో ఏదన్నా తప్పు దొరికితే మొదట పట్టుకునేది ఆ ఫొటోలో ఉన్నవాణ్ణి. యజమాని తర్వాత వస్తాడు, వకీలును వెంటబెట్టుకొని.

నా పేరు సాయిలు. చదివింది నాలుగో తరగతి. షాపుల్లోకి రాకముందు పదకొండేళ్ళు పటాన్‌చెరు దగ్గరి సర్కారు మందు డిపోలో హమాలీగా మూటలు, పెట్టెలు మోశాను. తర్వాత నడుము మాట వినక షాపుల్లో అమ్మే పనికి చేరాను. అందుకని ఆ డిపోను లోపలినుంచీ చూశాను, బయటినుంచీ చూశాను. లోపల ఉన్నప్పుడు అది నాకు అన్నం పెట్టింది. బయటినుంచి వెళ్ళినప్పుడు అది నన్ను ఎన్నడూ మనిషిలాగ చూడలేదు. ఇప్పటికీ ఆ రోడ్డున బస్సులో పోతే ఆ గేటు వైపు తల తిప్పను.

మన దగ్గర షాపులు ప్రైవేటువే, సరుకు మాత్రం సర్కారు డిపోలోనే కొనాలి. కంపెనీ లారీలు నేరుగా షాపుకు రావు. ఉల్లిగడ్డ బాగాలేకపోతే పక్క దుకాణానికి పోతాం. ఇక్కడ పక్క దుకాణం లేదు. ఆ సంగతి డిపో కిటికీ అవతల కూర్చున్నవాళ్ళకు బాగా తెలుసు. ఆ కిటికీ గురించి కూడా చెప్పాలి. అది నడుము ఎత్తులో ఉంటుంది. కాయితం తోయడానికి జానెడు సందు. లోపల సారు కుర్చీలో కూర్చుంటే ఆయన నోటికి సరిపోయే ఎత్తు అది. బయట నిలబడ్డవాడు సగానికి వంగితే తప్ప మాట వినబడదు. అక్కడ నిటారుగా నిలబడి పని చేయించుకున్న షాపు మనిషిని నేను చూడలేదు. పెద్ద ఆఫీసర్లు వస్తే సారే బయటికి వచ్చి నిలబడి మాట్లాడతాడు. షాపు తరఫున వచ్చినవాణ్ణి డిపోలో ‘పార్టీ’ అంటారు. అరవై ఏళ్ళకు దగ్గరపడ్డ నన్ను, నా కొడుకు ఈడు గుమాస్తా “ఓ పార్టీ” అని పిలిచేవాడు.

సరుకు ఎత్తే పద్ధతి ఇట్లా ఉండేది. యజమాని ముందురోజే ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడతాడు. పొద్దున నేను బండి తీసుకొని పోయి, కిటికీలో కాయితాలిచ్చి, గేటు పాసు, రవాణా పర్మిట్టు తీసుకుంటాను. పర్మిట్టు మీద ఏ దారిన పోవాలో, ఎన్ని గంటల్లోపు షాపు చేరాలో రాసి ఉంటుంది. గడువు దాటాక బండి రోడ్డు మీద కనబడితే అది దొంగసరుకు కింద లెక్క. తర్వాత హమాలీలు గోదాం నుంచి పెట్టెలు మోసుకొస్తారు. గుమ్మం దగ్గర ఒక్కో పెట్టె చీటీని స్కాన్ కొడతారు. ఆ దెబ్బతో ఆ పెట్టె, అందులోని ప్రతి సీసా మూత మీది గుర్తు, అన్నీ మన షాపు పేరు మీదికి వస్తాయి. ఆ సీసా ఎక్కడ దొరికినా, ఏ షాపుదో నిమిషంలో తెలుస్తుంది. కల్తీని ఆపడానికి పెట్టిన మంచి పద్ధతి. మంచి పద్ధతి మీద కూడా ఒక బద్ధకస్తుడు కూర్చుంటే ఏమవుతుందో ఇప్పుడు చెప్పబోతున్నాను.

గోడ మీద రెండు రూళ్ళు రాసి ఉండేవి. గేటు దాటిన సరుకుకు డిపో బాధ్యత లేదు, ఒకటి. సీలు తెగిన పెట్టె వాపసు తీసుకోబడదు, రెండు. సీలు తెంపకుండా లోపల తక్కువుందని ఎట్లా తెలుస్తుంది? సీలు తెంపితే వాపసు తీసుకోరు. గేటు దాటాక తెంపితే బాధ్యత లేదు. ఎటు తిరిగినా గోడే. ఆ రెండు రూళ్ళు రాసినవాణ్ణి ఒక్కరోజు ఆ కిటికీ ముందు వంగోబెట్టాలని నాకు ఇప్పటికీ ఉంది.

కాని హమాలీకి సీలు తెంపకుండానే తెలుస్తుంది. పెట్టె భుజం మీద, చెవికి ఆనుకొని ఉంటుంది. క్వార్టర్ సీసాలు నలభై ఎనిమిది నిండుగా ఉంటే, అడుగు వేసినప్పుడు ఒకే మందమైన చప్పుడు వస్తుంది. కొన్ని తక్కువైతే మిగిలినవాటికి ఆడే చోటు దొరుకుతుంది, చప్పుడు సన్నగా రెండుసార్లు వస్తుంది. హమాలీల మేస్త్రి మొగులయ్య దాన్ని పెట్టె దగ్గుతున్నది అనేవాడు. దగ్గే పెట్టెను మేము వరుసలో పేర్చేవాళ్ళం కాదు. పక్కకు తీసి బోర్లా వేసేవాళ్ళం. అట్లా వేస్తే అడుగు టేపు పైకి కనబడుతుంది. నోటితో ఎవరికీ చెప్పడం ఉండదు. చెబితే నువ్వే తీశావేమో అనే మాట ముందు వస్తుంది. బోర్లా వేసి ఊరుకుంటే, గోదాం సారు వచ్చి చూసుకొని ఏం చేయాలో చేస్తాడు. అది హమాలీల రివాజు. పదకొండేళ్ళు చేసిన చేతులు ఆ రివాజు మరిచిపోవు. నా చేతులు మరిచిపోలేదు, అదే నా కొంప ముంచింది.

ఆ రోజు గురువారం. పది గంటలకు నా బండి లోపలికి పోయింది. కిటికీలో ఉన్నది దివాకర్ సారు. గోదాం కాయితాలన్నీ ఆయన చేతి మీదుగానే పోవాలి. ముందు సర్వర్ లేదన్నాడు. సర్వర్ వచ్చాక ప్రింటరులో కాయితం లేదన్నాడు. కాయితం వచ్చాక ఫోన్ వచ్చింది. ఫోన్‌లో ఎవరిదో పెళ్ళికి వంటవాళ్ళను మాట్లాడుతున్నాడు. మేము తొమ్మిదిమందిమి బయట వంగి, లోపల బగారా అన్నంలోకి ఏ కూర బాగుంటుందో విన్నాం. నా వెనక నిలబడ్డ శ్రీశైలం మెల్లగా, “అన్నా, మనల్ని గూడ పిలుస్తడేమో అడుగు, కట్నం నేను సదివిస్త” అన్నాడు.

శ్రీశైలం రుద్రారం వైపు ఒక షాపుకు నౌకరునామా. నలభై ఏళ్ళుంటాయి, గుబురు మీసం. కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర పనిచేసి, దగ్గు పట్టుకుంటే మానేసి ఈ పనిలోకి వచ్చాడు. ఈ పనికి వచ్చి అప్పటికి మూడు వారాలే. ఆ దగ్గు తగ్గిందో లేదో గాని నవ్వు మాత్రం ఎప్పుడూ ఆగేది కాదు. నన్ను అన్నా అని పిలిచి, ప్రతి సంగతీ అడిగి తెలుసుకునేవాడు.

ఒంటిగంటకు నా పర్మిట్టు చేతికొచ్చింది. సాయంత్రం ఐదులోపు షాపు చేరాలి. లోడు మొదలైంది. అరవై పెట్టెలు. నేను బండి పక్కన నిలబడి వింటున్నాను. యాభై దాకా బాగానే ఉంది. తర్వాత ఒక హమాలీ విస్కీ క్వార్టర్ల పెట్టె మోసుకొచ్చాడు. స్కాన్ అయింది. నాలుగడుగులు వేసేసరికి నా చెవికి తెలిసింది. దగ్గుతున్నది. ఒకటి రెండు సీసాలు కాదు, ఆరేడు తక్కువ. అతను బండి అంచున దించబోతుంటే నేను అందుకున్నాను. ఏం చేస్తున్నానో తెలియకుండానే పక్కకు తీసి, నేల మీద బోర్లా వేశాను.

అడుగున కంపెనీ పేరున్న టేపు లేదు. బజారులో దొరికే మెరిసే టేపు ఉంది. ఎవరో కిందినుంచి కోసి, తీసుకొని, మళ్ళీ అంటించారు. ఫ్యాక్టరీలోనా, లారీలోనా, గోదాంలోనా, నాకు తెలియదు. తెలియని మనిషి మీద నేను నింద వేయను. పెట్టె చీటీ మీది ఆఖరి అంకెలు చూశాను. నలభై ఒకటి, నూట డెబ్బై ఆరు. నాకు ఒకసారి చూసిన అంకె పోదు. చదువు లేనివాడికి దేవుడు ఇచ్చిన గల్లా అది.

ఇంత చిన్నదానికి భయమెందుకని మీరు అనవచ్చు. సీసాలు పోతే యజమానికి నష్టం, నాకు తిట్లు, అంతవరకే అయితే నేను ఇది రాయను. పోయిన సీసాలు ఎక్కడో ఒక ఊళ్ళో, ఇంటి వెనక దొంగతనంగా అమ్మే బెల్టు షాపులో తేలతాయి. ఎక్సైజు వాళ్ళు పట్టుకొని మూత మీది గుర్తు చూస్తారు. అది నా షాపు పేరు చూపిస్తుంది. బెల్టు షాపుకు సరుకు పంపినవాడిగా జైలుకు పోయేది నౌకరునామా. నేను కిటికీ దగ్గరికి పరుగెత్తింది అందుకు.

వంగి చెప్పాను. సార్, ఒక పెట్టె తక్కువున్నది, అడుగు టేపు మారింది, వచ్చి చూడండి అన్నాను. దివాకర్ సారు తల ఎత్తలేదు. “సీలు తెగిందా?” అన్నాడు. పైన తెగలేదన్నాను. “తెగకపోతే తక్కువ ఎట్లుంటది?” అన్నాడు. మీరు వచ్చి మీ చేత్తో తెంపండి, మీ కండ్ల ముందర లెక్కపెడదాం అన్నాను. అట్లా తెంపే అధికారం మేనేజరుకే ఉందట. మేనేజరు హైదరాబాదులో మీటింగులో ఉన్నాడట. ఎప్పుడొస్తాడంటే, “నన్నడిగి పోయిండా?” అన్నాడు. అని టిఫిన్ డబ్బా పట్టుకొని లేచాడు. కిటికీకి లోపలినుంచి అట్టముక్క అడ్డం పెట్టాడు.

గంటన్నర తర్వాత అట్టముక్క తీశాడు. నేను అక్కడే ఉన్నాను. ఇంటినుంచి తెచ్చుకున్న జొన్నరొట్టె బండిలోనే ఉంది, ముట్టలేదు. ఈసారి మళ్ళీ చెబితే బయటికి వచ్చాడు గాని, పెట్టెను చూసి రెండడుగుల దూరంలోనే ఆగిపోయాడు.

“దీన్ని బోర్లా ఎవరేసిండ్రు?”

నేనే వేశానని చెప్పాను.

“నువ్వెట్ల ఏస్తవ్? నువ్వు పార్టీవి. బండి ఎక్కేదాంక సరుకు మీద పార్టీ చెయ్యి పడొద్దు. ఇప్పుడు ఈ టేపు నువ్వేసింది కాదని నాకేం నమ్మకం?”

నేను ఇక్కడే పదకొండేళ్ళు హమాలీ చేశాను, అలవాటు కొద్దీ వేశానని చెప్పాను. అది చెప్పడం ఇంకో తప్పయింది. “అందుకే, ఎట్ల తియ్యాల్నో ఎట్ల అంటియ్యాల్నో నీకే బాగ ఎర్క” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు విన్నారు. పదకొండేళ్ళలో ఒక్క సీసా మూత తిప్పని మనిషిని నేను. ఆ డిపోలో ఎండాకాలం రేకుల కింద పెట్టెలు మోసి మోసి నా కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్ళు కిందికి దిగింది. ఆ మోత మోసినచోటే దొంగతనం నేర్చుకున్నావన్నాడు. ఆ మాటకు నేను ఆయనను కొట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తుంటాను. నౌకరునామా పోయేది, అంతే కదా. కాని కొట్టలేదు.

మొగులయ్య వైపు చూశాను. మేమిద్దరం ఒకే కంచంలో తిన్నవాళ్ళం. పెట్టె దగ్గిందని అతనికీ తెలుసు, అతని చెవి నా చెవికంటే పదునైనది. అతను తువ్వాలతో మెడ తుడుచుకుంటూ, “సాయిలూ, ఎక్కిచ్చుకొని పో. ఇక్కడ లొల్లి వద్దు. మావోళ్ళకు రేపు పనుండాలె” అన్నాడు. అతని మీద ఆ రోజు కోపం వచ్చింది. తర్వాత పోయింది. కాంట్రాక్టు కింద పనిచేసే మనిషి నోరు ఎంతవరకు తెరుచుకుంటుందో నాకు తెలుసు, నేనూ అట్లాగే మూసుకొని ఉన్నాను అన్నేళ్ళూ.

ఆ పెట్టె వదిలేసి పోదామంటే కుదరదు. గేటు పాసులో అరవై అని ఉంది, యాభై తొమ్మిదితో గేటు దాటనివ్వరు. ఆ పెట్టెతో పోతే నా మెడకు చుట్టుకుంటుంది. ఉంటే పర్మిట్టు గడువు పోతుంది. వెనకటి ఏడాది ఒక షాపు బండికి టైరు పగిలి అరగంట ఆలస్యమైతే, బండి, సరుకు, మనిషి అన్నిటినీ స్టేషన్‌లో పెట్టారు. గడియారం మూడున్నర చూపిస్తున్నది. పగిలిన సీసాల గాజుపెంకులు తూచే కాంటా ఒకటి గోదాం మూల ఉండేది. సార్, ఈ పెట్టెను, ఇంకో పెట్టెను దాని మీద పెట్టి చూడండి, సీలు తెంపే పనే లేదు అన్నాను. ఆ కాంటా పెంకులకే మంజూరైందట. సీసాలున్న పెట్టెను దాని మీద పెట్టడానికి రూలు లేదట.

అప్పుడు శ్రీశైలం వరుసలోంచి బయటికి వచ్చాడు. లారీల మీద తాటిపత్రి ఎత్తడానికి వాడే వెదురు బొంగు ఒకటి గోడకు ఆనించి ఉంటే తీసుకొచ్చాడు. “కాంటా లేకపోతే ఏంది సార్, మా అవ్వ కావడితోని చింతపండు తూసేది” అన్నాడు. నా బండిలోంచి అదే విస్కీ క్వార్టర్ల పెట్టె ఒకటి దించాను. బండెక్కిన సరుకు నాది, నేను తాకవచ్చు. రెండు పెట్టెలకూ తాళ్ళు కట్టి బొంగు రెండు కొసలకూ తగిలించాం. దివాకర్ సారు, ఆ పెట్టెను ముట్టుకోవద్దని అరిచాడు.

“చెయ్యి పడ్డదని మీరే అన్నరు గద సార్” అన్నాడు శ్రీశైలం. “పడ్డ చెయ్యి ఇంకోపాలి పడితే ఏమైతది?”

తొమ్మిది షాపుల వాళ్ళు, డ్రైవర్లు చుట్టూ చేరారు. బొంగు నడిమధ్య శ్రీశైలం భుజం మీద పెట్టుకున్నాడు. మెల్లగా లేచాడు. మంచి పెట్టె నేలను వదలలేదు. బోర్లా పెట్టె గాలిలోకి లేచి అతని చెవి దాకా వచ్చింది. బొంగు అటు ఇటు జరిగిందేమోనని ఎవరూ అనుకోకుండా పెట్టెలను తారుమారు చేసి మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ అదే లేచింది. ఎవరో డ్రైవరు, “సార్, దీంట్ల సీసాలు లేవు, గాలి కొట్టిచ్చిండ్రు” అన్నాడు. అందరూ నవ్వారు. హమాలీలు కూడా మొహాలు తిప్పుకొని నవ్వారు. దివాకర్ సారు చెవులు ఎర్రబడ్డాయి.

ఆయన నన్ను పక్కకు పిలిచాడు. ఆ రోజు మొదటిసారి నిటారుగా నిలబడి ఆయనతో మాట్లాడాను. గొంతు తగ్గించి, “లొల్లి ఎందుకు పెద్దమనిషీ, సీలు తెగలే, ఏం కాలే. నీ పెట్టె మారుస్త, తీస్కపో” అన్నాడు. ఈ పెట్టె తక్కువుందని కాయితం మీద రాయండి అన్నాను. రాస్తే మేనేజరు రావాలి, ఎక్సైజు వాళ్ళు రావాలి, పంచనామా కావాలి, ఈ రోజు నీ బండి కదలదు అన్నాడు. నాలుగు దాటింది. లోపలికి పోయి కంప్యూటరులో ఒక మీట నొక్కాడు. ఆ పెట్టె నా షాపు పేరు మీదినుంచి పోయింది. ఇంకో పెట్టె వచ్చింది, స్కాన్ అయింది, బండెక్కింది. ఆ మీట నొక్కడానికి మూడు గంటలు నన్ను వంగోబెట్టాడు.

నేను గెలిచాననుకున్నాను. శ్రీశైలం భుజం తట్టాను. అతను, “పండుగకు దావత్ ఇయ్యాలె మల్ల” అని నవ్వుకుంటూ తన గేటు పాసు మీద ముద్ర కొట్టించుకోవడానికి కిటికీ దగ్గర వంగాడు. నేను బండెక్కాను. బండి తిరుగుతుంటే అద్దంలో చూశాను. ఒక హమాలీ ఆ పెట్టె తాళ్ళు విప్పి, దాన్ని లేపి, బాణం గుర్తు పైకి వచ్చేట్టు సరిగ్గా నిలబెట్టి, గుమ్మం పక్కన విస్కీ వరుసలో పెట్టాడు. తర్వాత లోడు కావలసింది శ్రీశైలం బండి.

చూశాను. చూడలేదని చెప్పను. పక్కన పెడతారులే అనుకున్నాను. నాలుగుంపావు అయింది అనుకున్నాను. మొగులయ్య ఉన్నాడు కదా అనుకున్నాను. గేటు దాటాను. ఐదుకు పది నిమిషాల ముందు షాపు చేరాను.

నెలన్నర తర్వాత ఒక ఊరి బెల్టు షాపులో విస్కీ క్వార్టర్లు దొరికాయి. వాటిలో ఆరు శ్రీశైలం షాపు పేరు చూపించాయి. అతను తన షాపులో పెట్టె విప్పిన రోజే ఏడు సీసాలు తక్కువున్నాయని చూసి డిపోకు ఫోన్ చేశాడట. గేటు దాటిన సరుకుకు బాధ్యత లేదన్నారు. కొత్త మనిషి, భయపడి ఎక్సైజు వాళ్ళకు చెప్పలేదు. అది కూడా అతని తప్పు కింద రాశారు. ఫొటోలో ఉన్న మనిషిని తీసుకుపోయారు. యజమాని నౌకరునామా రద్దు చేయించి ఇంకొకర్ని పెట్టుకున్నాడు.

నేను ఎక్సైజు స్టేషన్‌కు పోయాను. ఎస్సై కూర్చోబెట్టి విన్నాడు, ఆ మాట చెప్పాలి. పెట్టె నంబరు చెప్పాను. నలభై ఒకటి, నూట డెబ్బై ఆరు. ఆయన తన కాయితంలో చూసి, సరిగ్గా అదే అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. తర్వాత ఆయన, “ఇది డిపోల ఉన్నప్పుడే తక్కువున్నదని ఏడన్న రాసి ఉన్నదా?” అన్నాడు. లేదు, నాకు గుర్తుందన్నాను. “నీ తలకాయల ఉన్న నంబరును నేను కోర్టుల ఎట్ల పెట్టాలె సాయిలూ?” అన్నాడు. ఆయన మాటలో కోపం లేదు. అందుకే ఇంకా గట్టిగా తగిలింది.

డిపోకు పోయాను. కిటికీ ముందు వంగాను. ఆ రోజు సంగతి రాసివ్వండి సార్ అన్నాను. దివాకర్ సారు నా మొహం చూసి, “ఏ పెట్టె?” అన్నాడు. తొమ్మిదిమంది ముందు ఆయన చెవులు ఎర్రబడ్డ పెట్టె అది. ఏ పెట్టె అని అడిగాడు. మీట నొక్కినప్పుడు కంప్యూటరులో ఏదో పడి ఉంటుంది కదా అంటే, అది హెడ్డాఫీసులో అడగాలన్నాడు. హెడ్డాఫీసుకు అర్జీ రాయించి పంపాను. జవాబు రాలేదు. మొగులయ్య ఇంటికి పోయాను. అతను గడపలోనే నిలబడి, “నా పేరు తియ్యకు సాయిలూ, నీ కాళ్ళు మొక్కుత” అన్నాడు. వచ్చేశాను.

మిగిలిన షాపుల నౌకరునామాలను అడిగితే ఇద్దరు సాక్ష్యానికి వచ్చారు. పెట్టె తేలికగా ఉండటం చూశామన్నారు. పెట్టె నంబరు అడిగితే చెప్పలేకపోయారు. బొంగు ఎత్తిన మనిషి, ఆ పెట్టె బరువును తన భుజం మీద చూపించిన మనిషి, అదే పెట్టె తన బండి ఎక్కుతుంటే కిటికీ ముందు వంగి ఉన్నాడు.

ఇరవై రెండు రోజులకు బెయిలు వచ్చింది. అతని ఇంటికి పోయాను. బయట మంచం మీద కూర్చొని ఉన్నాడు, మీసం తీసేశాడు. అతని భార్య నీళ్ళు ఇచ్చి లోపలికి పోయింది. అద్దంలో చూసిన సంగతి అతనికి చెప్పాను. దాచిపెట్టి అక్కడ కూర్చోవడం నాకు చేతకాలేదు. అతను, “నీది మారింది గద, సాలనుకున్నవ్” అన్నాడు. తిట్టలేదు. ఇంకోసారి వస్తానని లేచాను. ఆ కేసు ఇంకా నడుస్తున్నది. పిలిచినప్పుడల్లా పోయి నేను చూసింది చెబుతున్నాను. వాళ్ళు కాయితం అడుగుతూనే ఉన్నారు.

తర్వాత రెండేళ్ళు ఆ షాపులోనే చేసి పని మానేశాను. ఆ రెండేళ్ళలో చేసింది ఒక్కటే. డిపోకు పోయిన ప్రతిసారీ, పెట్టె నంబర్లు నా చేత్తో, నాలుగో తరగతి రాతతో, పాసు వెనకాల రాసుకున్నాను. దగ్గిన పెట్టె కనబడితే తాకకుండా, దాని నంబరు రాసి, కిటికీలోంచి తోసి, ముద్ర కొట్టేదాకా కదలలేదు. రెండుసార్లు పర్మిట్టు గడువు పోయింది. కొత్త పర్మిట్టు రాసేదాకా బండిని గేటు లోపలే ఉంచి రాత్రి అక్కడే పడుకున్నాను. దివాకర్ సారు నన్ను చూస్తే విసుక్కునేవాడు. విసుక్కుంటూనే ముద్ర కొట్టాడు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఎవరన్నా అడిగితే ఒకటే చెబుతాను. చెడ్డ పెట్టెను మార్చి ఇస్తే తీసుకోవద్దు. దాని నంబరు కాయితం మీదికి ఎక్కించు, తర్వాత మార్చుకో. నీ బండిలోంచి దిగిన పెట్టె ఎటు పోయిందో చూసేదాకా బండి తిప్పకు.